రాళ్ళ మేడం ఎందుకొచ్చినట్టు?

ఆ రోజుల్లో నాచారానికి కొత్తగా ఎవరొచ్చినా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోక తప్పేది కాదు. ఒకటి, "ఏ ఊరు మనది?" రెండోది, "ఎందుకొచ్చినవ్?" మొదటిదానికి ఎవరి జవాబు వాళ్ళకుండేది. రెండోదానికి జవాబు అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. పక్కనే ఫ్యాక్టరీ సైరన్ కూస్తుంటే ఇంకా ఎందుకొచ్చావని అడగడమేమిటి? అయినా అడిగేవాళ్ళం. అడగకపోతే పలకరించనట్టే లెక్క. మొన్న మన పెద్దపిల్ల వీడియోలో కనబడింది. కొరియాలో ఏదో చిన్న ఊరి యూనివర్సిటీలో లెక్కలు చెప్పడానికి వెళ్ళి ఇంకా ఏడాది కాలేదు, మొహం ఇంత పొడుగు పెట్టుకుని, "అమ్మమ్మా, ఇక్కడ టాక్సీ ఎక్కితే డ్రైవరు, కూరగాయలు కొంటే కూరగాయలామె, అందరూ ఒకటే అడుగుతున్నరు. నీ దేశం ఇడిసిపెట్టి ఈడికెందుకొచ్చినవని. ఏం చెప్పాలె నేను?" అంది. నాకు నవ్వు ఆగలేదు. దానికి కోపమొచ్చి ఫోన్ పెట్టేసింది. నేను నవ్వింది నిన్ను చూసి కాదే తల్లీ. ఆ కూరగాయలామెను చూసి. ఒకప్పుడు నేనే ఆ కూరగాయలామెను. ఒక మనిషి ఎందుకొచ్చిందా అని ఏడాది పాటు కుదురుగా బతకలేదు. ఆ సంగతి మన వాట్సాప్ గ్రూపులో మీ అందరికీ చెప్తాను, వినండి. మీ తాతయ్య పక్క గదిలో పేపర్ చదువుతున్నట్టు నటిస్తున్నాడు, ఆయన కూడా వింటాడు.

నాకప్పుడు ఇరవై దాటాయి. మా ఇల్లు ఫ్యాక్టరీల గోడలు అయిపోయి బండలు మొదలయ్యే చోట ఉండేది. మా బాపు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. జనగామ వైపు పల్లె నుంచి మీసాలు మొలిచీ మొలవకముందే వచ్చి, ఇక్కడే పెళ్ళి, ఇక్కడే ఇల్లు. మేడ మీద ఒక రేకుల గది ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం అందులో అప్పడం పెడితే పొయ్యి అక్కర్లేదు. ఆ గదిలోకి ఒక విదేశీ ప్రొఫెసరమ్మ అద్దెకు వస్తుందని యూనివర్సిటీలో పనిచేసే బాపు దోస్తు చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఇటలీ దేశం మనిషి, రాళ్ళ శాస్త్రం పాఠాలు చెప్తుంది, నలభై దగ్గర వయసు, ఒంటరి. మరి యూనివర్సిటీ గెస్ట్ హౌసు ఉండగా నాచారం ఎందుకంటే, అక్కడి వంటాయనకు తెల్లవాళ్ళు కారం తింటే చచ్చిపోతారని గట్టి నమ్మకమట. వచ్చిన రోజు నుంచి ఆమెకు పొద్దునా సాయంత్రం ఉడకబెట్టిన ఆలుగడ్డలే పెట్టాడట. పాపం, ఆమె ప్రాణం కాపాడుతున్నాననుకున్నాడు. ఆమె ప్రాణం దక్కించుకోవడానికి పారిపోయి మా ఇంటికొచ్చింది. వచ్చి గది చూడలేదు. ఇంటి వెనక ఉన్న పెద్ద బండ దగ్గరికి వెళ్ళి, దూడను నిమిరినట్టు నిమిరి, "ఓకే" అంది. మా నాయనమ్మ అప్పుడే నా చెవిలో ఊదింది. "గీమెకు ఏదో అయ్యింది బిడ్డా. మంచిగున్నోళ్ళు బండలను ముద్దుజేస్తరా?"

నాలుగు రోజుల్లో ఆమె ఊరందరికీ రాళ్ళ మేడం అయిపోయింది. టోపీ, సుత్తి, భుజానికి గోనెలాంటి సంచి. ఆ సంచి నిండా రాళ్ళు. సిటీ బస్సు కండక్టరు ఒకరోజు ఆ సంచిని ఎత్తబోయి నడుం పట్టేసుకుని, "మేడం, గిది మనిషి కంటె ఎక్కువ జాగ తింటుంది, దీనికి గూడ టికెట్ తియ్యాలె" అన్నాడు. ఆమె కిక్కురుమనకుండా తీసుకుంది. అప్పటి నుంచి రాళ్ళ పక్కన రాళ్ళ టికెట్ పట్టుకుని కూర్చునేది. తెలుగు కూడా ఆమె ఆ కండక్టరు దగ్గరే మొదలుపెట్టింది. మొదట వచ్చిన వాక్యం "జర ముందుకు జరుగున్రి". మా వంటింట్లోకి అడుగుపెడుతూ కూడా అదే అనేది. అమ్మ నిజంగానే జరిగేది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే కాబట్టి ఒకదాని భుజం ఒకటి పట్టుకుని బాగానే నడిచేవి.

ఇప్పుడు నా సంగతి. నాకు ఎమ్మే చదవాలని ఉండేది. బాపుకు వద్దని ఉండేది. చదువు మీద పగ లేదు ఆయనకు. ఆడపిల్ల ఒక్కతే బస్సెక్కి, మగపిల్లలు కూర్చునే క్లాసులో కూర్చుని, మళ్ళీ ఒక్కతే రావడమనే మాట ఆయన గొంతు దిగేది కాదు. భువనగిరిలో మా మేనత్త, ఆమె వెనక రైల్వేలో కొత్తగా ఉద్యోగమొచ్చిన మా బావ, ముహూర్తం ఎప్పుడంటే అప్పుడని సిద్ధంగా ఉన్నారు. (ఆ బావ ఎవరో మీకు తెలుసు. ఇందాకటి నుంచి పేపర్లో ఒకటే పేజీ చూస్తున్నాడు.) మంచివాడే. కానీ పెళ్ళయితే పుస్తకం అటకెక్కుతుందని నాకు తెలుసు. సరిగ్గా అప్పుడు మేడ మీదికి ఈమె దిగింది. బాపు రెండు రోజులు ఆలోచించి, "మేడం తోని పోవాలె, మేడం తోని రావాలె. గట్లయితేనే సదువు. ఆమె పోయిన్నాడు నీ సదువు గూడ పోయినట్టే" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. గంతేసి కింద పడ్డాక తెలిసింది, మేడం ఉద్యోగం ఒక్క ఏడాదికే. ఎండాకాలం లోపల ఉంటానని చెప్తే ఇంకో ఏడాది ఇస్తారు, పోతానంటే పంపించేస్తారు. నా ఎమ్మే రెండేళ్ళు. అంటే నా చదువు రెండో ఏడాది ఆమె నోట్లో ఉంది. ఆమె నోరేమో ఎప్పుడూ రాళ్ళ గురించే తెరుచుకునేది.

అందుకే నాకు ఆ ప్రశ్న పట్టుకుంది. అసలు ఈమె ఎందుకొచ్చింది? తెలిస్తే ఉంటుందో పోతుందో చెప్పొచ్చు కదా. తీర్థానికొచ్చినవాళ్ళు దర్శనం కాగానే పోతారు, సంతకొచ్చినవాళ్ళు సరుకు కొనగానే పోతారు. ఈమె ఏ సరుకు కోసం వచ్చినట్టు? బస్సులో పక్కన కూర్చుని ఆమె మొహం చదివేదాన్ని. ఆమె కిటికీలోంచి హబ్సిగూడ బండలు చూసి చిరునవ్వు నవ్వితే నాకు ప్రాణం లేచొచ్చేది. నిట్టూరిస్తే ఆ రోజు నేను అన్నం తినేదాన్ని కాదు. సూటిగా అడిగేస్తే పోయేది కదా అంటారు మీరు. అడిగితే, "నిజమే, నేనెందుకొచ్చాను?" అని ఆమెకు కొత్తగా అనుమానం పుడుతుందేమోనని నా భయం.

ఇంట్లో తలా ఒక సిద్ధాంతం. నాయనమ్మది అన్నిటికంటే సులువు. "మొగని తోని కొట్లాడి వచ్చింది. కోపం సల్లారంగనే ఆడు వచ్చి తీస్కపోతడు." అందుకని వీధిలో ఏ తెల్లచొక్కా మగమనిషి కనబడినా నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చునేది. పాపం, ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన ఆయన్ను అరగంట ఎండలో నిలబెట్టింది. అమ్మ మాత్రం దేవుడి కోసం వచ్చిందనేది. "అంతింత సదువుకున్నోళ్ళకు ఆఖరుకు దేవుడే గావాలె" అని ప్రతి శుక్రవారం మేడంను పక్క వీధి మైసమ్మ దగ్గరికి తీసుకెళ్ళేది. మేడం భక్తిగా వంగి దండం పెట్టేది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. దగ్గరికెళ్ళి చూస్తే ఆమె వంగింది గుడి మెట్టు రాయిని చూడటానికి.

ఇక మా చిన్నాయన. బాపుకు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. ఏ పనిలోనూ పండక్కి పండక్కి మధ్య నిలిచేవాడు కాదు. ఆయన గొంతు తగ్గించి చెప్పిన మాట, "బంగారం! లేకుంటె అంత దూరం కెళ్ళి వచ్చి మన ఉప్పల్ గుట్టలను సుత్తి తోని ఎందుకు కొడ్తదే? రాజుల కాలం నాటి లంకెబిందెల లెక్క వాళ్ళ దేశపోళ్ళ కాడ ఉంటది." నాకు నవ్వొచ్చింది కానీ, నిజమైతే బాగుండునని కూడా అనిపించింది. లంకెబిందెలు అంత తొందరగా దొరకవు కదా, రెండేళ్ళు పడుతుంది. చిన్నాయన ప్రతి ఆదివారం మేడం సంచి మోస్తూ ఆమె వెంట వెళ్ళేవాడు. ఆమె బండల మీద అక్కడక్కడా ఎర్ర రంగుతో గుర్తు పెట్టేది. సోమవారం ఈయన గడ్డపార పట్టుకుని ఆ గుర్తుల దగ్గరికి పోయేవాడు. నెల తిరిగేసరికి చేతులు బొబ్బలెక్కాయి, బనియన్ చిరిగింది, ఒక తేలు కుట్టింది. తమ్ముడు ఒకే పనిని నెలంతా మానకుండా చేయడం అదే మొదటిసారని బాపు సంతోషించాడు.

బాపుకు సిద్ధాంతం లేదు. అసలు మేడంతో ఆయన మాట్లాడేవాడే కాదు. ఆమె ఎదురుగా ఉన్నా, "నీళ్ళొచ్చినయా అడుగు ఆమెను" అని నాతో అనేవాడు. ఆమె నాకు చెప్పేది, నేను ఆయనకు చెప్పేదాన్ని. మధ్యలో రెండడుగుల దూరం. ఆమె మాత్రం కండక్టరు దగ్గర నేర్చుకున్న మర్యాదతో "నమస్తే అన్నా" అనేది. బాపు తువ్వాలు భుజం మార్చుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఉగాది దాటింది. ఒకరోజు మధ్యాహ్నం మేడ మీద నుంచి టకటకమని సుత్తి చప్పుడు. పరుగెత్తి చూస్తే మేడం చెక్కపెట్టెలు కొడుతోంది. ఏడాదిగా పోగేసిన రాళ్ళన్నీ కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కదాన్ని పసిపిల్లకు గుడ్డ చుట్టినట్టు కాగితంలో చుట్టి పెట్టెలో సర్దుతోంది. కిందికొచ్చి వంటింట్లో కూలబడి, "అయిపోయింది. ఆమె పోతుంది" అన్నాను. చిన్నాయన "బంగారం దొరికిందన్నట్టు" అని తల పట్టుకున్నాడు. అమ్మ మైసమ్మ వైపు చెయ్యెత్తింది. ఆ రాత్రే భువనగిరి మేనత్తకు కబురు పోతుందని నాకు తెలుసు. అప్పుడు నాయనమ్మ వక్క నములుతూ, "ఎందుకు పోతది? పోనిస్తమా? ఇంటి ఆడబిడ్డను జేస్కుందాం. ఒడిబియ్యం వోద్దాం" అంది.

ఒడిబియ్యమంటే మీలో చిన్నోళ్ళకు తెలియదేమో. పెళ్ళయిన ఆడబిడ్డ పుట్టింటికొచ్చినప్పుడు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవిక గుడ్డ, ఇవన్నీ ముత్తైదువలు ఆమె చీర ఒడిలో పోస్తారు. ఒకసారి పోశామంటే ఆ బిడ్డకు ఆ ఇంటితో బంధం తెగదు. కొన్నేళ్ళకు మళ్ళీ రావాలి, మళ్ళీ పోయించుకోవాలి. బాపు మాత్రం, "పెండ్లిగాని మనిషికి ఒడిబియ్యమేందే అవ్వా? ఎవలన్న ఇంటె నవ్వుతరు" అన్నాడు. నాయనమ్మ తగ్గలేదు. "ఆమె మొగడు యాడనో ఒక కాడ ఉండే ఉంటడు. ఉన్నడనుకోని వోస్తం. లేకుంటె గీ బియ్యం పుణ్యాన దొరుకుతడు."

అలా ఒక మంచిరోజు చూసి మేడంకు అమ్మ పట్టుచీర కట్టాం. వాడకట్టు ముత్తైదువలు నలుగురు, అమ్మ అయిదో మనిషి. ఒడి పట్టడం రాక ఆమె చీర కొంగు తెరచాపలా బారుగా పట్టుకుంది. పోసిన బియ్యం పోసినట్టే నేల మీదికి. కుడుకలు దొర్లి మంచం కిందికి పోయాయి. ఒక ఖర్జూరం తీసి నోట్లో వేసుకుంది, వద్దని నేను సైగ చేసేలోపల. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. చివర్లో నాయనమ్మ బొట్టు పెట్టి, మొహం రెండు చేతులతో పట్టుకుని వేళ్ళు విరిచి దిష్టి తీసినప్పుడు మాత్రం ఆమె నవ్వు ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ పైకి వెళ్ళింది. నాయనమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇగ సూడు. మోకులు కట్టి గుంజినా పోదు" అంది. నేను ఆ వేళ చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం. బాపు వాకిట్లో సైకిల్ తిరగేసి గొలుసుకు నూనె పెడుతున్నాడు. మేడం మెట్లు దిగి వచ్చింది. చేతిలో గది తాళంచెవి. నేరుగా అమ్మ దగ్గరికి వచ్చి, రెండు చేతులతో దాన్ని అమ్మ చేతిలో పెట్టి, "అక్కా, నాకు సమజైంది. నేను పోత. హబ్సిగూడల ఇల్లు దొరికింది" అంది. నేను ఇంగ్లీషులో అడిగాను, ఏం సమజైందని. మేడం ఎంతో మర్యాదగా వివరించింది. యూనివర్సిటీలో వరంగల్ వైపు లెక్చరరమ్మ ఒకామెను అడిగిందట, ఒడిలో బియ్యం ఎప్పుడు పోస్తారని. ఆమె నిజమే చెప్పింది, బిడ్డను పుట్టింటి నుంచి అత్తగారింటికి సాగనంపేటప్పుడని. "మా దేశంలో ఇల్లు ఖాళీ చేయమంటే ఇంటాయన తలుపుకు ఒక కాగితం అంటించి పోతాడు. మీరు పట్టుచీర కట్టి, బియ్యం పోసి, కొబ్బరి పెట్టి, బొట్టు పెట్టి చెప్పారు. ఇంత అందంగా నన్నెవరూ ఎక్కడి నుంచీ పంపించలేదు" అంది. అంటూ మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

నేను ఆ మాటలు తెలుగులో చెప్పేసరికి నాయనమ్మ నోట్లో వక్క ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న ఆచారమే కదా. సాగనంపేటప్పుడు పోస్తామని మాలో ఒక్కరికీ తట్టలేదు. మాకు కనబడేది బిడ్డ మళ్ళీ రావడం. ఆమెకు కనబడింది పోవడం. రెండూ ఆ బియ్యంలోనే ఉన్నాయి మరి, ఎవరిది తప్పంటారు? "అయ్యో నా తల్లీ! నిన్ను పొమ్మంటమా! ఉండుమని వోసినమే!" అని నాయనమ్మ రెండు చేతులూ పట్టుకుంది. మరి చెక్కపెట్టెలేమిటని నేను అడిగాను. హబ్సిగూడలో ఒకచోట రాళ్ళను పల్చగా కోసే మిషను ఉందట, అక్కడికి పంపడానికట. ఉద్యోగం? ఇంకో ఏడాది ఉంటానని ఆమె ఉగాదికి ముందే చెప్పేసిందట! నేను బస్సులో పక్కన కూర్చుని ఆమె మొహం చదువుతున్న రోజుల్లోనే.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నెమ్మదస్తురాలినని పేరున్న నేను వాకిట్లో అందరి ముందూ గట్టిగా అరిచాను. "అసలు నువ్వెందుకొచ్చినవ్ మేడం మా ఊరికి?" వీధి కుక్క కూడా మొరగడం ఆపింది. మేడం మెట్టు మీద కూర్చుంది. తర్వాత తెలుగులోనే చెప్పింది. "పని ఉండె. వచ్చిన."

(పెద్దపిల్లా, ఇది రాసుకో. కొరియా భాషలో ఎలా అంటారో కనుక్కో.)

"గంతేనా?" అంది నాయనమ్మ. నిరాశపడుతూనే, "మొగడు కొట్టలేదా?" అని ఆశగా అడిగింది. "మొగడు లేడు అవ్వా." "దేవుని కోసం?" అమ్మ. మేడం ఏదో తక్కువ చేసినదానిలా తల అడ్డంగా ఊపింది. "మరి బండల మీద ఎర్ర గుర్తులేంది?" చిన్నాయన చివరి ఆశ అది. "సూసిన బండ మల్ల సూడకుంట." చిన్నాయన తన అరచేతుల వైపు చూసుకుని గోడకు జారగిలబడ్డాడు. ఆ తర్వాత ఆమె తన కుంటి ఇంగ్లీషులో చెప్తుంటే నేను నా కుంటి ఇంగ్లీషుతో అందుకుని అందరికీ చెప్పాను. వాళ్ళ ఊరి యూనివర్సిటీలో రాళ్ళ శాస్త్రానికి ఒక ముసలి ప్రొఫెసరు. ఆయన రాళ్ళు ఈమె కడిగేది, ఈమె రాసేది, పుస్తకం మీద ఆయన పేరు పడేది. మీటింగులో అందరూ కూర్చుంటే కాఫీ తెమ్మని ఈమెకు చెప్పేవాళ్ళు. ఎన్నేళ్ళయినా అంతే. గోడ మీద ఒకరోజు చిన్న ప్రకటన కనబడింది, హైదరాబాద్‌లో పాఠం చెప్పడానికి మనిషి కావాలని. హైదరాబాద్ ఎక్కడుందో ఉద్యోగం వచ్చాకే మ్యాపులో వెతుక్కుందట. "మరి ఉంటనని ఎందుకన్నవ్?" అని అమ్మ అడిగింది. "అక్కడ నన్ను కాఫీ అడుగుతరు. ఇక్కడ పిల్లలు ప్రశ్నలు అడుగుతరు" అంది మేడం.

అప్పుడు ఎవరో నవ్వారు. చూస్తే బాపు. నూనె చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ, మొదటిసారి ఆమె మొహంలోకే చూసి, "గట్ల జెప్పు మరి! నేను గూడ గంతేనమ్మా. ఊర్ల పని లేకుండె, ఈడ ఉండె, వచ్చిన. గీ ఇంటోళ్ళు ఏడాది సంది నా తలకాయ తిన్నరు, మొగడు అని, దేవుడు అని, బంగారం అని" అన్నాడు. మేడంకు సగం అర్థమైందో లేదో, "అవునన్నా" అంది. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు రైల్వే స్టేషన్లో కలిసినట్టు తలలూపుకున్నారు. అమ్మ తాళంచెవి తిరిగి ఇవ్వబోయింది. మేడం తీసుకోలేదు. హబ్సిగూడ ఇంటామె, ఒంటరి ముసలావిడ, ఈమె కోసమని వేరేవాళ్ళను కాదందట. "మాట ఇచ్చిన అన్నా." బాపు "మాటంటె మాటనే" అన్నాడు. మాట ఆమెది, మునిగేది నా చదువు.

"బాపూ, మరి నేను?" అన్నాను. "నువ్వేంది?" "పని ఉన్నకాడికి మేడం వచ్చింది. పని ఉన్నకాడికి నువ్వొచ్చినవ్. నా సదువు హబ్సిగూడ అవతల ఉన్నది. నాలుగు స్టాపులు నేను పోవద్దా?" బాపు తలకిందులుగా ఉన్న సైకిల్ పెడల్ పట్టుకుని తిప్పాడు. చక్రం గిర్రున తిరిగి తిరిగి, మెల్లగా ఆగింది. ఈ సందులో నాయనమ్మ, నా పెళ్ళి కోసం అందరికంటే ఎక్కువ తొందరపడే నాయనమ్మ, "నిన్ను నేను ఒక్కన్నే పంపలేదార? ఏడ్చుకుంట గడపల నిలబడి పంపలేదా?" అంది. "మొగపోరడు వేరే అవ్వా." "ఆకలి వేరేనా?" బాపు సైకిల్ నిలబెట్టాడు. "హబ్సిగూడల మేడం బస్సెక్కుతదా అడుగు ఆమెను" అన్నాడు నాతో, పాత అలవాటు కొద్దీ. "ఎక్కుత అన్నా" అంది మేడం నేరుగా. "హబ్సిగూడ దాక నేను సైకిల్ మీద ఎనకనే వస్త. ఆమె లేకుంటె దిగి ఇంటికి రావాలె. గంతే."

మేడం ఆ సాయంత్రమే హబ్సిగూడకు మారిపోయింది, మర్నాడు నేను ఒక్కదాన్నే బస్సెక్కాను. సీటు లేదు, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. బస్సు వెనక అద్దంలోంచి చూస్తే బాపు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రొమ్ము ముందుకు వంచి తొక్కుతున్నాడు. కండక్టరు అతన్ని చూసి, "ఎవలమ్మా ఆ పెద్దమనిషి, బస్సు మిస్సయిండా? ఆపాల్నా?" అన్నాడు. "వద్దన్నా. మా బాపు." "మరి ఎక్కకుంట ఎంబడి వస్తడేంది? టికెట్ పైసలు మిగిలిస్తుండా?" బస్సంతా నవ్వింది. నేను తల దించుకున్నాను. కానీ లోపల ఏదో గంతులేస్తోంది. ప్రతి స్టాపులోనూ ఆయన వచ్చి అందుకునేవాడు, ఒక కాలు నేల మీద పెట్టి రొప్పేవాడు, బస్సు కదిలితే మళ్ళీ తొక్కేవాడు. హబ్సిగూడ వచ్చింది. మేడం లేదు. (ఆ కొత్త ఇంటామె ఇడ్లీలు పూర్తిగా తింటే కానీ గడప దాటనివ్వలేదని తర్వాత తెలిసింది.) ఫుట్‌బోర్డు దాకా వచ్చాను. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని, "దిగుతవా, పోతవా? జల్ది చెప్పు" అన్నాడు. బాపు వైపు చూశాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాడు. చెయ్యి ఊపుతాడని చూశాను, దిగమని. ఆయన చెయ్యి తువ్వాలు మీదే ఉంది. విజిల్ మోగింది. బస్సు కదిలింది. ఆయన సైకిల్ కదల్లేదు. చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోయి, ఒక లారీ అడ్డమొచ్చి కనబడకుండా పోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాపు షిఫ్టు నుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. తల ఎత్తకుండానే, "సీటు దొరికిందా?" అన్నాడు. "లేదు బాపూ." చెంబు బోర్లించి, తువ్వాలు అందుకుని, "రేపు జర ముందుగాల పో" అన్నాడు. భువనగిరికి కబురు పోయింది కానీ, ముహూర్తం రెండో ఏడాది పరీక్షల తర్వాతేనని.

ఇప్పుడు మేముండే ఉప్పల్ నుంచి హబ్సిగూడకు మెట్రోలో ఎక్కామో లేదో దిగాలి. పోయిన నెల హబ్సిగూడ అవతల కంటి దవాఖానాకు మీ తాతయ్యతో వెళ్ళాను. పెద్దవాళ్ళ సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఒక అబ్బాయి లేచి మరీ చూపించాడు. నేను కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని కింద రోడ్డు చూస్తూ నిలబడ్డాను. బండలు లేవు, అన్నీ అద్దాల బిల్డింగులు. "మోకాళ్ళ నొప్పులని పొద్దంత మూలుగుతవ్, కూసోవేందే?" అని మీ తాతయ్య కోప్పడ్డాడు. అద్దంలో ఒక ముసలామె, జుట్టు తెల్లగా, కళ్ళద్దాలు జారిపోతూ, ఇరవయ్యేళ్ళ పిల్లలా నిటారుగా నిలబడి కనబడింది. ఆమెను చూసి నాకు నవ్వొచ్చింది. "నాలుగు స్టాపులే గదా" అన్నాను.